మడత ఇనప బోను (36 అంగుళాలు) రివ్యూ: కుక్కల కోసం అమ్ముతారు, మేము నీరసపడ్డ కోడికి వాడాం

ముందే చెప్పేస్తున్నా, ఇది కుక్కల బోను. పెట్ షాపుల్లో, ఆన్‌లైన్లో అన్నిచోట్లా దొరుకుతుంది, నల్ల రంగేసిన ఇనప తీగలు, కింద లాగితే బయటకొచ్చే ప్లాస్టిక్ ట్రే, ముందొక తలుపు పక్కన ఇంకో తలుపు, పని లేనప్పుడు మడిచి బీరువా వెనక పెట్టేసుకోవచ్చు. కోళ్ళ కోసమని ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు కూడా. కానీ ఇంట్లో నాలుగు నాటు కోళ్ళు పెంచుకుంటూ వాటిల్లోకి ఒక చిక్కిపోయిన కోడిని తెచ్చుకుని ఎలాగైనా బతికించాలి అనుకునేవాళ్ళకి ఇంతకన్నా పనికొచ్చే వస్తువు నాకైతే కనపడలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. మంచీ చెడ్డా రెండూ రాస్తా, ఎందుకంటే దీన్ని కొన్నది కొన్నట్టే వాడితే కోడికి దెబ్బ తగులుద్ది.

మాది తూర్పు గోదావరి జిల్లా అనపర్తి పక్కన ఊరండి. ఇటువైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, చుట్టూ గుడ్ల కోసం కోళ్ళని పెంచే లేయర్ ఫారాలే. గుడ్లు తగ్గిపోయిన కోళ్ళని ఒక బ్యాచ్ మొత్తం తీసేసి లారీల్లో కూరకి పంపించేస్తారు. అలా వెళ్తున్న లారీలోంచి పడిపోయిన తెల్ల పెట్ట ఒకటి కాలవ గట్టు మీద దొరికితే మా ఆయన తువ్వాల్లో చుట్టి తీసుకొచ్చారు. లగేజీ తూచే చిన్న కాటాకి సంచీలో పెట్టి తగిలిస్తే కిలో కూడా లేదు, ఆ జాతి పెట్ట మామూలుగా కిలోన్నర ఉండాలి. రొమ్ము ఎముక కత్తిలా చేతికి గుచ్చుకుంటోంది, తల మీది ఎర్ర జుట్టు పాలిపోయి ఒక పక్కకి వాలిపోయింది, మెడ మీదా వీపు మీదా ఈకలు లేవు, నిలబెడితే రెండడుగులేసి కూర్చుండిపోతుంది.

ఈ కూర్చుండిపోవడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని చూసి "ఇంక అయిపోయింది, కోసేయండి" అంటారు. బోనుల్లో పెంచిన లేయర్ కోడి ఏడాదికి మూడొందలకి పైగా గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డు పెంకులో రెండు గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. దాణాలో అంత అందకపోయినా, అందింది సరిగ్గా ఒంటికి పట్టకపోయినా ఎముకల్లోంచి లాగేసి పెంకు కడుతుంది ఆ పిచ్చి తల్లి. దానికి తోడు బోనులో ఒక్కో కోడికి ఏ4 కాగితమంత జాగా కూడా రాదు, నడిచేది లేదు ఎగిరేది లేదు, ఎముకలు గుల్లబారిపోతాయి. డాక్టర్లు దీన్ని కేజ్ లేయర్ ఫటీగ్ అంటారు. కాలు విరక్కుండా, నరాలు దెబ్బతినకుండా ఉంటే ఇందులోంచి చాలా కోళ్ళు బయటపడతాయి, కావల్సిందల్లా కాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ డి3, నేల మీద మెత్తటి పడక, ఇంకా వేరే కోళ్ళు పొడవకుండా కాపలా. ఆ చివరిదాని కోసమే ఈ బోను.

అసలు విషయంలోకి వెళ్ళేముందు ఒక్క హెచ్చరిక, దీన్ని దయచేసి దాటేయకండి. 2025 ఫిబ్రవరిలో మా జిల్లాలోనే పెరవలి మండలం కానూరు దగ్గరా, పక్క జిల్లాలో తణుకు మండలం వేల్పూరులోనూ బర్డ్ ఫ్లూ అని తేలింది, అప్పుడు వేల కోళ్ళు పోయాయి. అలాంటి రోజుల్లో రోడ్డు మీద దొరికిన కోడిని ఎంత జాలేసినా ముట్టుకోకూడదు, ముందు పశువుల ఆసుపత్రికి ఫోన్ చేయాలి, లేదా పశువుల అంబులెన్స్ నంబర్ 1962కి చేయాలి. మామూలు రోజుల్లో అయినా సరే ముక్కులోంచి నీళ్ళు కారుతున్నా, గురక వస్తున్నా, మెడ తిప్పేస్తున్నా, ఆకుపచ్చగా పారుతున్నా అది కొక్కెర తెగులు అనే అంటురోగం కావచ్చు, మీ కోళ్ళ దగ్గరికి అసలు తీసుకెళ్ళొద్దు. మా పెట్టకి అవేం లేవని డాక్టర్ గారు చూసి చెప్పాకే ఇంట్లో ఉంచుకున్నాం.

ఇప్పుడు బోను సంగతి.

మా మావయ్య గారికి ఇది అస్సలు నచ్చలేదు. ఆయన చిన్నప్పట్నుంచీ కోళ్ళ మధ్య పెరిగిన మనిషి, ఏ కోడికి ఏమొచ్చినా గంప కింద మూసేయడమే ఆయన వైద్యం. "గంప ఉండగా మూడు వేలు పోసి ఇనప బోను ఎందుకమ్మా" అన్నారు. "గంపలో అయితే అది తిందో లేదో తెలీట్లేదు మావయ్యా, రెట్ట ఎలా వేసిందో కూడా తెలీట్లేదు" అన్నాను. గంపని తక్కువ చేసి మాట్లాడను, రాత్రి పూట ఒక కోడిని మూయడానికీ, పిల్లల తల్లిని గద్ద నుంచి కాయడానికీ వెదురు గంపని మించింది లేదు, గాలి ఆడుతుంది, చీకటిగా ఉంటుంది కాబట్టి బెదిరిన కోడి నెమ్మదిస్తుంది. కానీ జబ్బు కోడికి వారాల తరబడి వాడాలంటే కష్టం. ఎత్తిన ప్రతిసారీ కోడి బెదురుతుంది, లోపల నీళ్ళ గిన్నె తన్నేసి తడిలో కూర్చుంటుంది, కింద పడక మార్చాలంటే కోడిని బయటకి తీయాలి. అన్నిటికన్నా ముఖ్యం, గంపలో ఉన్న కోడి మిగతా కోళ్ళని సరిగ్గా చూడలేదు, అవీ దీన్ని చూడలేవు.

ఈ చూడటం అనేదే మొత్తం కథ అని నా నమ్మకం. కోడి ఒంటరిగా బతికే పిట్ట కాదు. ఒక్కదాన్నే గదిలో పెడితే, ముందు ఎంత మంచి దాణా పోసినా ముక్కుతో రెండుసార్లు తాకి వదిలేస్తుంది. పక్కన ఇంకో కోడి టకటకా పొడుస్తుంటే మాత్రం దీనికీ తినబుద్ధి పుడుతుంది. రెండోది, మందలో ఒక వరస ఉంటుంది, ఎవరు ముందు తినాలి ఎవరు ఎక్కడ పడుకోవాలి అని, అందులోంచి ఒక కోడిని కొన్నాళ్ళు తీసేసి మళ్ళీ తెచ్చి వదిలితే అది కొత్త కోడితో సమానం, అందరూ కలిసి దాని మీద పడతారు. అసలే నీరసంగా ఉన్నదైతే, అందులోనూ ఈకలూడి ఎర్ర చర్మం కనపడుతుంటే, ఇంక చెప్పక్కర్లేదు, ఎరుపు కనపడితే పొడవడం వాటి గుణం, రక్తం వచ్చిందంటే ఆపవు, చంపేస్తాయి. అందుకని కోడి మందలోనే ఉండాలి, కానీ ఎవరికీ అందకూడదు. తీగల బోను సరిగ్గా ఆ రెండూ చేస్తుంది.

అయితే బయట్నుంచి వచ్చిన కోడిని తిన్నగా తీసుకెళ్ళి మందలో పెట్టకూడదు, బోనులో అయినా సరే. ఒక నెల రోజులు విడిగా ఉంచాలి. మేము ముందు వరండాలో పెట్టాం, మా కోళ్ళు పెరట్లో ఉంటాయి, కూతలు వినపడతాయి గానీ గాలీ రెట్టా కలవవు. మా కోళ్ళకి ముందు మేత వేసేసి ఆఖర్న దీని పని చూడటం, దీని గిన్నెలు విడిగా కడగడం, వరండాలోకి వేరే చెప్పులు, ఇవి మామూలే. ఇక్కడ బోను మడత పెట్టేది కావడం చాలా కలిసొచ్చింది, ఎందుకంటే నెల దాటాక అదే బోనుని కడిగి ఎండబెట్టి పెరట్లోకి మార్చేశాం, కోడికి మాత్రం ఇల్లు మారినట్టు అనిపించలేదు. మీ మందలోదే ఒక కోడి నీరసపడితే, గాయమో గుడ్డు అడ్డం పడటమో అలాంటిదైతే, ఈ నెల రోజులు అక్కర్లేదు, తిన్నగా పెరట్లోనే బోనులో పెట్టుకోవచ్చు, అంటురోగం అని అనుమానం ఉంటేనే దూరంగా తీసుకెళ్ళాలి.

మొదట్లో చేయాల్సింది వెచ్చదనం, నీళ్ళు, ఆ తర్వాతే తిండి. కోడి ఒళ్ళు మామూలుగానే 41 డిగ్రీల వేడి ఉంటుంది, తిండి లేని ఈకల్లేని కోడి ఆ వేడిని నిలుపుకోలేదు, రెక్కలు వాల్చి ఈకలు లేపుకుని కళ్ళు మూసుకుంటుంది. బోనుకి మూడు వైపులా పాత దుప్పటి కప్పి ఒక మూలకి బయట్నుంచి 60 వాట్ల బల్బు వేలాడదీశాం. ఒక మూలకే, మొత్తం మీద కాదు, వేడి ఎక్కువైతే అది అటు జరగడానికి చోటుండాలి. 36 అంగుళాల సైజు తీసుకోమనేది ఇందుకే, 24 అంగుళాల దాంట్లో వేడి మూల చల్ల మూల అని ఉండవు, అంతా ఒకటే. ఎండాకాలం మా గోదావరి జిల్లాల్లో ఈ బల్బు గొడవే ఉండదు, అప్పుడు తడి గోనె కప్పి నీడలో పెట్టుకోవడమే.

నీళ్ళలో ఎలక్ట్రాల్ (ఓఆర్ఎస్ పొడి) కలిపి పెట్టాం, తాగకపోతే ముక్కు పక్కన ఒక్కో చుక్క వదలాలి, నోరు తెరిచి పోసేస్తే ఊపిరి గొట్టంలోకి వెళ్ళి కోడి అప్పటికప్పుడు పోవచ్చు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. విమెరాల్ అని ఎ, డి3, ఇ, బి12 ఉండే చుక్కల మందు పశువుల మందుల షాపులో దొరుకుతుంది, దాంతోపాటు కాల్షియం సిరప్ కూడా డాక్టర్ గారు రాశారు, ఎంతెంతో బరువు చూసి ఆయనే చెప్పారు, మీరూ అడిగే వేయండి. కడుపులో పురుగులకి వేసే నట్టల మందు వెంటనే వేయనివ్వలేదు, కొంచెం ఒళ్ళు చేశాక వేద్దాం అన్నారు. రెక్కల కిందా తోక కిందా కోడిపేలు ఉన్నాయేమో చూసి దానికీ మందు ఇచ్చారు.

తిండి దగ్గర ఒక విషయం నేను దగ్గర్నుంచి చూస్తే గానీ అర్థం కాలేదు. ఫారం కోళ్ళకి చిన్నప్పుడే ముక్కు కత్తిరిస్తారు, ఒకదాన్నొకటి పొడుచుకోకుండా. మా పెట్టకి పై ముక్కు సగమే ఉంది, కింది ముక్కు దానికంటే ముందుకొచ్చి గరిటెలా ఉంది. నేల మీద నూకలు చల్లితే ఎంత పొడిచినా గింజ జారిపోతుంది గానీ నోట్లోకి రాదు, పది సార్లు పొడిస్తే ఒకటో రెండో. చూసేవాళ్ళు తింటుందనే అనుకుంటారు, కడుపులోకి మాత్రం ఏం వెళ్ళదు. అందుకని లేయర్ దాణా తడిపి ముద్దలా చేసి రెండంగుళాల లోతున్న స్టీలు గిన్నెలో పెట్టాం, అప్పుడు కింది ముక్కుతో ఎత్తుకుని తినడం మొదలెట్టింది. ఉడికించిన గుడ్డు చిదిమి, చోడి (రాగి) పిండి కొంచెం, తవుడు కొంచెం, పక్కన వేరే చిప్పలో ఆల్చిప్పల పొడి. తడి దాణా పూటకోసారి పారేసి కొత్తది పెట్టాలి, మా తేమకి గంటల్లో పులిసిపోయి బూజు పడుతుంది, బూజు దాణా పెడితే మనమే విషం పెట్టినట్టు.

తిందా లేదా తెలుసుకోడానికి మెడ కింద కుడి పక్క మేత సంచి తడిమి చూడాలి. సాయంత్రం నిండుగా మెత్తగా ఉండాలి, తెల్లారేసరికి ఖాళీ అయిపోవాలి. పొద్దున్నే ఇంకా గట్టిగానో నీళ్ళ బుడగలానో ఉందంటే లోపల అరగట్లేదని, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే. బోను పక్క తలుపు తీసి చెయ్యి పెట్టి ఈ పని చేసేయొచ్చు, కోడిని ఎత్తక్కర్లేదు. రెట్ట కూడా ట్రేలో కాగితం మీద స్పష్టంగా కనపడుతుంది, గట్టిగా ఉండి పైన తెల్ల మచ్చ ఉంటే మంచిది, ఆకుపచ్చగా పల్చగా ఉంటే తినట్లేదని కావచ్చు, పైన చెప్పిన తెగులైనా కావచ్చు, రక్తం చార ఉంటే రక్తపారుడు వ్యాధి కావచ్చు, ఆలస్యం చేయకూడదు.

ఇప్పుడు ఈ వస్తువులో లోపాలు.

ట్రే నున్నగా ఉంటుంది. కాళ్ళలో బలం లేని కోడిని దాని మీద పెడితే కాళ్ళు చెరో పక్కకి జారిపోతాయి, గుల్ల ఎముకలున్న కోడికి అది చాలా ప్రమాదం. కాగితం వేస్తే ఇంకా జారుతుంది. మేము గోనె సంచి సైజుకి కత్తిరించి పరిచి దాని మీద మూడంగుళాలు ఊక పోశాం, రెట్ట చూడాలనుకున్న పూట మాత్రం ఒక మూల కాగితం వేసేవాళ్ళం. కొన్ని మోడళ్ళలో ట్రే పైన ఇంకో తీగల జల్లెడ ఉంటుంది, రెట్ట కిందకి పడటానికని. అది తీసి అవతల పెట్టేయండి, జీవితమంతా తీగల మీదే నిలబడి వచ్చిన కోడి అది, దానికి మళ్ళీ తీగలు ఎందుకు, వేళ్ళు ఇరుక్కుంటాయి కూడా.

రెండో లోపం, తీగల మధ్య సందు. మా దాంట్లో అంగుళం పైనే ఉంది. కుక్కకి పర్లేదు గానీ పిల్లి పంజా దూరుతుంది, ముంగిస మూతి దూరుతుంది, పాము మొత్తం దూరిపోతుంది. లోపల కోడి పారిపోలేదు కాబట్టి ఇంకా చెడ్డది. అరంగుళం వెల్డెడ్ జాలీ మీటర్ల లెక్కన హార్డ్‌వేర్ షాపులో కొని నాలుగు పక్కలా కింద నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తు వరకూ బైండింగ్ వైరుతో కట్టేశాం. దీనివల్ల ఇంకో లాభం, బయట కోళ్ళు తీగల్లోంచి మెడ పెట్టి దీన్ని పొడవలేవు. రాత్రయితే బోనుని తీసుకెళ్ళి కోళ్ళ గూడులోపలే పెట్టి తాళం వేసేవాళ్ళం, అంత జాలీ ఉన్నా బయట వదిలే ధైర్యం నాకైతే లేదు.

మూడోది గొళ్ళెం. జరిపితే పడే రకం, చాలాసార్లు సగమే పడుతుంది, మనం వేశామనుకుంటాం. పైగా మా తేమ గాలికి తుప్పు త్వరగా వస్తుంది, ఒక్క వర్షాకాలానికే మూలల్లో రంగు లేచిపోయింది. దాంతోపాటు ఇచ్చిన ప్లాస్టిక్ గిన్నెలు రెండూ మరీ తేలిక, కోడి అంచు మీద ఎక్కగానే బోర్లా పడిపోతాయి. తీగకి తగిలించే స్టీలు గిన్నెలు విడిగా కొన్నాం, కోడి వీపు ఎత్తుకి తగిలిస్తే లోపలికి ఊకా రెట్టా పడవు. వీటన్నిటి వల్ల ఐదుకి నాలుగే ఇస్తున్నా, ఆ నాలుగూ మాత్రం మనస్ఫూర్తిగా ఇస్తున్నా.

ఎందుకంటే పెరట్లోకి మార్చిన రోజు నుంచి వచ్చిన తేడా చూడాలి మీరు. జామచెట్టు నీడలో, మా కోళ్ళు రోజూ మేసే చోట బోను పెట్టాం. పుంజు వచ్చి చుట్టూ తిరిగి రెక్క దించి నేల రాసి వెళ్ళిపోయింది. పెట్టలు రెండు మూడు జాలీ మీద పొడిచి చూశాయి, అందకపోయేసరికి మానేశాయి. మేము వాటి దాణా కూడా బోను పక్కనే జాలీకి ఆనుకుని పోయడం మొదలెట్టాం, లోపల దీని గిన్నె కూడా ఆ పక్కకే తగిలించాం, మధ్యలో జాలీ తప్ప ఇంకేం లేదు. మా ఎర్ర పెట్ట అక్కడ నిలబడి గీరి గీరి పురుగులు ఏరుకుంటుంటే ఈ తెల్లది మెడ చాచి దాని కాళ్ళనే చూస్తూ ఉండేది. ఒకరోజు అది ఎడమ కాలు ఎత్తి ఊకని వెనక్కి ఒక్కసారి లాగింది, ఆగి కిందకి చూసింది, మళ్ళీ కుడి కాలు. పుట్టాక ఎప్పుడూ నేల చూడని కోడి అది, గీరడం ఎవరూ నేర్పలేదు, దాని ఒంట్లోనే ఉంది, పక్కన ఇంకోటి చేస్తుంటే బయటకొచ్చింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, నిజంగానే. అప్పట్నుంచి తిండి కూడా పెరిగింది, వరండాలో ఉన్నప్పుడు మేము బతిమాలి పెట్టిన గిన్నెని ఇక్కడ మిగతావాటితో పోటీగా ఖాళీ చేసేసేది.

ఒక పళ్ళెంలో పొయ్యి బూడిదా పొడి మట్టీ కలిపి లోపల పెడితే అందులో దొర్లడం కూడా మొదలెట్టింది, పేలు తగ్గడానికి అదీ కొంత సాయపడుతుంది. నాలుగంగుళాల ఎత్తులో ఒక కర్ర అడ్డంగా కట్టాం. ఎత్తు ఎక్కువ పెట్టకండి, గుల్ల ఎముకల కోడి ఎత్తు నుంచి దూకితే రొమ్ము ఎముక విరుగుతుంది.

వదలడం దగ్గర తొందర పడకూడదు. బరువు పెరిగి, జుట్టు ఎర్రబడి, ఈక మొలకలు విచ్చుకుని చర్మం కప్పేసి, నిలబడి నడుస్తున్నప్పుడు మాత్రమే. కొత్త ఈకలు రక్తంతో నిండిన గొట్టాల్లా వస్తాయి, ఎవరైనా ఒక్క పోటు పొడిస్తే రక్తం కారుతుంది, ఆ దశలో అస్సలు వదలొద్దు. వదిలే ముందు మందలో అందరికన్నా సాధువుగా ఉండే పెట్టని ఒకదాన్ని పగలు కాసేపు బోనులో దీనితో ఉంచాం, 36 అంగుళాల్లో ఇద్దరికి సరిపోతుంది. అవి రెండూ కలిశాక, పొద్దు గూకడానికి గంట ముందు బోను రెండు తలుపులూ తీసి వదిలేశాం, రెండు తలుపులున్నది కొనమనేది ఇందుకే, ఒక దాంట్లోంచి ఎవరైనా తరుముకొస్తే ఇంకో దాంట్లోంచి బయటపడుతుంది, మూలకి చిక్కుకోదు. ఆ టైములో కోళ్ళన్నీ గూటికి చేరే తొందర్లో ఉంటాయి కాబట్టి గొడవ పెట్టుకునే తీరిక ఉండదు. మేత మూడు నాలుగు చోట్ల దూరదూరంగా పోయాలి, ఒకే చోట పోస్తే కొత్తదానికి ఏం దక్కదు. తల మీద ఒకటి పొడిచి తరమడం, అది పక్కకి జరగడం, అంతవరకు మనం మధ్యలోకి వెళ్ళకూడదు, వరస కుదుర్చుకోవాలి అవి. రక్తం వచ్చినా, మూలకి నొక్కేసి ఆపకుండా పొడుస్తున్నా మళ్ళీ బోనులోకి. మా నల్ల పెట్ట ఒకటి అలాగే వెంటపడితే, తెల్లదాన్ని కాకుండా ఆ నల్లదాన్నే రెండు రోజులు బోనులో పెట్టాం. బయటకొచ్చేసరికి దాని దూకుడు తగ్గింది, దాన్నిబట్టి చూసినా బోను డబ్బులు వచ్చేసినట్టే.

ఇప్పుడు ఆ తెల్లది రాత్రి పూట కర్ర మీద ఎర్ర పెట్టకి ఆనుకుని పడుకుంటుంది. గుడ్లు అప్పుడప్పుడు పెడుతోంది, మొదట్లో పెంకు పల్చగా చేతిలో నొక్కుకుపోయేది, ఇప్పుడు గట్టిపడింది. మందులు వాడినన్నాళ్ళూ, డాక్టర్ చెప్పిన గడువు అయ్యేదాకా ఆ గుడ్లు మేం తినలేదు, మీరూ తినకండి. మా మావయ్య గారు పొద్దున్నే నూకల చిప్ప పట్టుకుని ముందు దాన్నే పిలుస్తారు, దానికి మాత్రం నేల మీద చల్లరు, చిప్ప వంచి పట్టుకుని నిలబడతారు, ముక్కు పొట్టి కదా అని.

వ్యాక్సిన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. బయటి కోడిని తెచ్చే ఆలోచన ఉంటే ముందు మీ మందకి కొక్కెర తెగులు టీకా వేయించుకోండి. గ్రామాల్లో పశుసంవర్ధక సహాయకులు ఉంటారు, అడిగితే వచ్చి వేస్తారు. బోను ఉంది కదా అని టీకా మానేస్తే ఏ బోనూ కాపాడదు.

ఎక్కడ కొనాలి అని ఎవరైనా అడిగితే, షాపులోనే కొనండి అంటా. మేము ముందు ఆన్‌లైన్లో తెప్పించిన దానికి ఒక పక్క తీగలు వంగిపోయి తలుపు పడలేదు, వెనక్కి పంపడానికే వారం పట్టింది, ఈలోపు కోడి అట్టపెట్టెలో ఉంది. రాజమండ్రిలో షాపుకెళ్ళి చూసి తెచ్చుకున్నది మూడు వేల లోపే అయింది. కొనేటప్పుడు అక్కడే విప్పించి నిలబెట్టించండి, రెండు గొళ్ళేలూ నాలుగైదు సార్లు వేసి తీయండి, ట్రే బయటకి లాగి చూడండి, అంచు పల్చగా వంగుతుంటే అది ఊక బరువుకే పగిలిపోతుంది, తీగల అతుకుల దగ్గర వేలితో రాసి చూడండి, పదును ఉంటే ఆకురాయితో రాయించి ఇమ్మనండి. ఇంటికి తెచ్చాక మూలలకి ఇంకో కోటింగ్ నల్ల పెయింట్ వేసి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఉంచి, అప్పుడు కోడిని పెట్టండి.